పీఈటీ సారును కొండ దించిన రోజు

నేను ఉద్యోగం నుంచి దిగిపోయి మూడేళ్ళు దాటింది. ముప్పై మూడేళ్ళు చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో ప్రభుత్వ నర్సుగా పనిచేశాను. నర్సింగు చదివే పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది?" అని అడుగుతారు. ఏ పాముకాటు గురించో, కష్టమైన కాన్పు గురించో చెబుతానని చూస్తారు. నేను మాత్రం మందుల షాపు కూడా లేని చోట, మంచు కొండ మీద, జబ్బే లేదని నాతో పోట్లాడిన ఒక మనిషి గురించి చెబుతాను. చెప్పిన ప్రతిసారీ కొంచెం దాచుకుని చెప్పాను. ఈసారి మొత్తం రాయాలని కూర్చున్నాను.

నా చివరి ఎనిమిదేళ్ళ డ్యూటీ తిరుమల నడకదారిలో ఒక ప్రథమ చికిత్స గదిలో. మెట్లెక్కుతూ ఆయాసపడేవాళ్ళు, కళ్ళు తిరిగేవాళ్ళు, మోకాళ్ళు పట్టేసినవాళ్ళు, ఒక్కోసారి గుండెపోటుతో కూలిపోయేవాళ్ళు. దేశం నలుమూలల నుంచీ వచ్చే జనం కాబట్టి హిందీ కూడా అక్కడే నేర్చుకున్నాను. నా హిందీ అంతా జబ్బుల హిందీ. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, ఏం తిన్నారు, అంతవరకే వచ్చు.

ఆ హిందీ వల్లే నా పేరు పైకి పోయింది. మా ప్రాంతపు హాస్టళ్ళలో ఉండి డిగ్రీ చదివే పిల్లల్లో ఎనిమిది మందిని ఎంపిక చేసి లద్దాఖ్‌లో ఒక శిఖరం ఎక్కించాలని ఆ హాస్టళ్ళు నడిపే సంక్షేమ శాఖవాళ్ళు నిర్ణయించారు. నలుగురు అమ్మాయిలు, నలుగురు అబ్బాయిలు. అమ్మాయిలు ఉన్నారు కాబట్టి ఆడమనిషి తోడు ఉండాలి, ఆమె నర్సయితే మేలు, హిందీ వస్తే ఇంకా మేలు. అప్పటికి నాకు యాభై ఆరేళ్ళు. "బేస్ క్యాంపు దాకా పోయి ఆడ కూసుంటే సాలు" అన్నారు ఆఫీసులో. మా ఆయన నవ్వి, "కొండ మెట్ల పక్కన కూసోని జీతం తీసుకున్నావు, ఇప్పుడు నిజంగానే ఎక్కు" అన్నాడు.

జట్టుకు నాయకుడు ఒక పీఈటీ సార్. సత్యవేడు వైపు మనిషి, నలభై రెండేళ్ళు. మాటల్లో సగం అరవం దొర్లేది. ప్రతి ఆదివారం తిరుమల మెట్లు పరుగుతో ఎక్కేవారు. నా గది ముందు నుంచి పోతూ చెయ్యి ఊపితే, నేను చెయ్యి ఊపేలోపు మలుపు తిరిగిపోయేవారు. ఆ ఎనిమిది మందినీ ఇళ్ళలోంచి బయటికి తెచ్చింది ఆయనే. వడమాలపేట అమ్మాయి ఒకతె ఉంది, వాళ్ళ నాయన మామిడి తోటల్లో కాపలా పని చేస్తాడు. ఆడపిల్లను అంత దూరం పంపనని ఆ నాయన మొండికేస్తే, సార్ మూడుసార్లు వాళ్ళింటికి పోయారు. "మీ పాపను ఎట్ల తీసుకపోతానో అట్లనే తీసుకొస్తా. కొండ మీద జెండా పట్టుకున్న ఫోటో మీ ఇంట్లో పెట్టిస్తా" అని మాట ఇచ్చి ఒప్పించారు. ఇట్లాంటి మాటలు ఎనిమిది ఇళ్ళలో ఇచ్చి వచ్చారు.

బయలుదేరే ముందు తిరుపతిలో ఒక డాక్టరు గారి దగ్గర నాకు వారం రోజుల శిక్షణ ఇప్పించారు. ఎత్తులో గాలి పలచన, అది పడకపోతే తలనొప్పితో మొదలై మెదడులోకి నీరు చేరే జబ్బు వస్తుంది, ఒంటికి అలవాటు కావడానికి సమయం ఇవ్వాలి, తొందరపడకూడదు, ఒంట్లో నీళ్ళు తగ్గకూడదు. ఆయన మరీ మరీ చెప్పింది ఒకటుంది: "బలంగా ఉన్నవాడికి ఆ జబ్బు రాదనుకోవద్దు తల్లీ. బలమైనవాడు వేగంగా ఎక్కుతాడు, అందుకే వాడికి ముందు వస్తుంది." నేను తల ఊపాను. కాగితం మీద రాసుకున్నాను కూడా. రాసుకున్నంత మాత్రాన బుర్రలోకి పోదని తర్వాత తెలిసింది.

లేహ్‌లో మూడు రోజులు ఏ పనీ చేయకుండా ఉండమన్నారు. తిరుపతి ఎండల్లోంచి వచ్చిన పిల్లలకు ఆ చలి వింతగా ఉంది. గదిలోంచి గదిలోకి నడిస్తేనే ఆయాసం. అక్కడి గైడు యాభై ఏళ్ళు దాటిన లద్దాఖీ మనిషి, మాట తక్కువ. పిల్లలు మంచం దిగి బూట్లు వేసుకునే తీరు, మెట్లెక్కే తీరు మౌనంగా చూస్తూ కూర్చునేవాడు. నన్ను దీదీ అనేవాడు.

నా పని పొద్దునా సాయంత్రం పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూడడం. తలనొప్పి ఉందా, కడుపులో తిప్పుతోందా, ఎన్ని సీసాల నీళ్ళు తాగావు, మూత్రం ఏ రంగులో వస్తోంది, అన్నీ అడిగి పుస్తకంలో రాసుకోవడం. మూత్రం సంగతి అడిగితే అబ్బాయిలు సిగ్గుతో చచ్చిపోయేవాళ్ళు. ఒకడైతే అంకె బాగా రావాలని అంతకు ముందే చేతిని చంకలో పెట్టుకుని వెచ్చ చేసుకుని వచ్చేవాడు, గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టేవాడు. "ఒరే, ఇది పరీక్ష కాదురా కాపీ కొట్టేదానికి" అనేవారు పీఈటీ సార్. ఆయన నా పక్కనే కూర్చుని, నేను చెప్పిన అంకెలు పుస్తకంలో రాసిపెట్టేవారు. ఆఫీసువాళ్ళు ఇచ్చిన జాబితాలో ఎనిమిది పేర్లున్నాయి. మేము ఎనిమిది పేర్లు రాసుకున్నాం. రాసే మనిషి వేలు కూడా ఒకసారి చూద్దామని నాకు తోచనే లేదు.

బేస్ క్యాంపు పద్నాలుగు వేల అడుగుల దగ్గర, ఒక వాగు ఒడ్డున. అక్కడ వడమాలపేట అమ్మాయి రెండు రోజులు తలనొప్పి దాచింది. మూడో పొద్దున డేరా వెనక వాంతి చేసుకుంటుంటే పట్టుకున్నాను.

"ఎందుకు జెప్పలేదు?" అన్నాను.

"చెప్తే ఎనక్కి పంపిస్తారని బయమేసింది మేడం. సార్ మా ఇంటికి మూడుతూర్లొచ్చినారు."

గట్టిగానే తిట్టాను. "నీకు తలకాయ నొస్తే అది నీ తప్పు కాదు. ఈడ అందరికీ నొస్తాది. దాచిపెడితేనే తప్పు. ఎవురికి ఏం తేడా కనిపించినా నా కాడికి వచ్చి చెప్పాల, అది నీదైనా సరే, ఇంకొకరిదైనా సరే." ఆమెను రెండు రోజులు కదలనివ్వకుండా కూర్చోబెట్టాను. గంజి తాగించాను. మెల్లిగా తేరుకుంది. ఈ ఒక్క కేసు పట్టుకున్నానని నాకు లోలోపల కాస్త గర్వం కూడా వచ్చింది, దాచుకోను.

ఆ రెండు రోజుల్లోనే అసలు సంగతి జరిగింది. పై క్యాంపు పదహారు వేల అడుగుల పైన ఉంది. పగలు సామాను మోసుకుని అక్కడికి పోయి, దించి, పడుకోవడానికి మళ్ళీ కిందికి రావాలి. ఒళ్ళు ఎత్తుకు అలవాటు పడేది అట్లాగే. పిల్లలంతా ఒక విడత పోయి వచ్చారు. ఆ అమ్మాయి సామాను మిగిలిపోయింది. పీఈటీ సార్ అదే రోజు ఆ మూట కూడా భుజానేసుకుని రెండోసారి ఎక్కి దిగారు. గైడు వద్దన్నాడట. సార్ నవ్వి ఊరుకున్నారట. సాయంత్రం చెమటతో వచ్చి నీళ్ళు కూడా తాగకుండా పిల్లల బూట్లు చూడ్డానికి పోయారు. నేను చూస్తూ ఊరుకున్నాను. 'సార్‌కేం, ఉక్కు మనిషి' అనుకున్నాను.

తర్వాత అందరం పై క్యాంపుకు పోయాం. నన్ను బేస్‌లోనే ఉండమన్నారు గానీ, ఆ అమ్మాయి ఒళ్ళు కుదుటపడ్డాక వెంట ఉండి చూడాలని నేనే మెల్లిగా, పది అడుగులకోసారి ఆగుతూ ఎక్కాను. రాళ్ళ మధ్య ఐదు డేరాలు. పైన తెల్లటి శిఖరం. ఇంకో రెండు రోజులే వాతావరణం బాగుంటుందని, ఒక రోజు ఆగి ఆ మర్నాడు తెల్లవారకముందే శిఖరానికి బయలుదేరాలని గైడు లెక్కవేశాడు. ఆ రెండు రోజులూ దాటితే మంచు కురుస్తుంది, ఇక మాకు ఇచ్చిన గడువు కూడా అయిపోతుంది.

ఆగిన రోజు పొద్దున సార్ టిఫిన్ ముట్టలేదు.

"ఏం సార్, తినలేదే?"

"ఆకలి లేదు సిస్టర్. సుమ్మా, ఊరికే ఉండు, నన్నెందుకు సూస్తావు, పిల్లోళ్ళను సూడు."

ఒక అబ్బాయి తాడు సరిగ్గా చుట్టలేదని అరిచారు. ఆయన పిల్లల మీద అరవడం నేను అంతకు ముందు చూడలేదు. బాధ్యత ఎక్కువై అట్లా ఉన్నారనుకున్నాను. నలుగురిలో సార్‌ను ఆరోగ్యం గురించి అడిగితే చిన్నబుచ్చుకుంటారేమోనని కూడా అనుకున్నాను. ముప్పై ఏళ్ళు సర్వీసు చేసిన నర్సును, మర్యాదకు పోయి ఊరుకున్నాను.

మధ్యాహ్నం రెండు గంటలప్పుడు వడమాలపేట అమ్మాయి నా డేరాలోకి వచ్చింది. మెల్లిగా, ఎవరికీ వినపడకుండా చెప్పింది.

"మేడం, మీరే జెప్పినారు కదా, ఏం తేడా వచ్చినా జెప్పమని. సార్ నన్ను వాళ్ళ పాప పేరు పెట్టి పిలస్తా ఉండారు. నాలుగుతూర్లు పిలిసినారు. నేను కాదు సార్ అంటే నవ్వతా ఉండారు. ఇస్కూలుకు టైమైంది పోమ్మా అంటా ఉండారు."

వేలి క్లిప్పు చేతిలోకి తీసుకున్నాను.

బయటికి వచ్చాను. సార్ ఒక రాతి మీద కూర్చుని కుడి బూటును ఎడమ కాలికి తొడుక్కోవాలని చూస్తున్నారు. ఎంత తోసినా పోవడం లేదు. దానికి విసుక్కోవడం లేదు, చిన్నపిల్లాడిలా మళ్ళీ మళ్ళీ తోస్తున్నారు. వేలికి క్లిప్పు పెట్టాను. వచ్చిన అంకె పిల్లల్లో ఎవరికీ రానంత తక్కువ. బూటు పక్కన పెట్టించి గైడును పిలిచాను. ఆయన బూటు కాలితో నేల మీద పొడుగ్గా ఒక గీత గీశాడు.

"సార్, ఈ గీత మీద ఒక కాలి మడమకు ఇంకో కాలి వేళ్ళు ఆనించి నడవండి" అన్నాను.

"ఏంది సిస్టర్, తాగినోన్ని పట్టుకున్నట్టు?" అని నవ్వి లేచారు. రెండు అడుగులు వేసి పక్కకు తూలారు. మళ్ళీ మొదలుపెట్టారు. మూడో అడుగులో కూర్చుండిపోయారు. తిరుమల మెట్లు పరుగున ఎక్కే మనిషి చదును నేల మీద నాలుగు అడుగులు వేయలేకపోయారు. పిల్లలు ఎనిమిది మందీ చుట్టూ నిలబడి చూశారు. ఎవరూ నవ్వలేదు.

"రాయి తగిలింది" అన్నారు సార్.

"ఆడ రాయి లేదు సార్. మీ మెదడులోకి నీరు చేరతా ఉండాది. ఇప్పుడే దిగాల."

ఆయన ముఖం మారిపోయింది. "నేను టీం లీడర్ని. నువ్వు నర్సువి. రేపు పొద్దున పిల్లోళ్ళు ఎక్కాల. ఎక్కినాక దిగుతా. దుక్కలాగా ఉండాను, నాకేమైంది?" అని నా చెయ్యి తోసేశారు. ఆయన కోపం కంటే, ఆ మాట పూర్తిచేయడానికి ఆయన పడ్డ అవస్థ నన్ను ఎక్కువ భయపెట్టింది. ఒక్కో మాటా వెతుక్కుంటున్నారు.

గైడు నన్ను పక్కకు పిలిచి హిందీలో చెప్పాడు. "దీదీ, ఇప్పుడైతే పట్టుకుంటే నడుస్తాడు. ఇంకొంచెం ఆగితే నడవడు. అప్పుడు మోయాలి. ఈ రాళ్ళలో అంత మనిషిని మోయడం నా వల్ల కాదు, నీ వల్ల అసలే కాదు." ఇంకో చిక్కు కూడా ఉంది. గైడు ఒక్కడే. ఆయన సార్‌తో దిగితే పిల్లల్ని పైన వదలలేం. అందరూ దిగాలి. దిగితే శిఖరం పోయినట్టే.

ఆ నిర్ణయం ఎవరో పెద్దవాళ్ళు చెబుతారని అటూ ఇటూ చూశాను. ఫోను సిగ్నలు లేదు. నాకు పైన అధికారి ఆ కొండ మీద ఉన్నది ఒక్కరే, ఆయనకు తన బూటు ఏదో తెలియడం లేదు.

"అందరూ సంచులు సర్దుకోండి. దిగుతా ఉండాము" అన్నాను.

చంకలో చెయ్యి పెట్టుకునే ఆ అబ్బాయి ఎదురు తిరిగాడు. "ఒక్కరికోసం ఎనిమిది మందిమీ దిగాల్నా మేడం? రెండు సమచ్చరాలు పరుగెత్తినాం. సార్‌కు మాత్ర ఇచ్చి పడుకోబెట్టండి. రేపు మధ్యాన్నానికి వచ్చేస్తాం."

నాకు కోపం రాలేదు. వాడు చెప్పిందాంట్లో అబద్ధం లేదు, రెండేళ్ళు నిజంగానే పరుగెత్తాడు. "రేపు మధ్యాన్నానికి సార్ ఉండరప్పా" అన్నాను. అంతకంటే మెత్తగా చెప్పే మాట నాకు దొరకలేదు. వాడు చాలాసేపు శిఖరం వైపు చూశాడు. తర్వాత పోయి సార్ బూట్లు తెచ్చి, ఏ కాలిది ఆ కాలికి తొడిగి, లేసులు కట్టాడు.

డాక్టరు గారు రాసిచ్చిన ప్రకారం వాపు తగ్గించే ఇంజెక్షను ఇచ్చాను. ఉన్న ఒక్క ఆక్సిజన్ సిలిండరు ముక్కుకు తగిలించాం. వడమాలపేట అమ్మాయి సార్ ముందు నిలబడి, "నాయనా, ఇస్కూలుకు పోదాం రా" అంది. ఆమెకు ఆ ఆలోచన ఎట్లా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. నేను చెబితే కదలని మనిషి, గైడు లాగితే కదలని మనిషి, ఆ మాటకు లేచి ఆమె చెయ్యి పట్టుకున్నారు. ఒక పక్క గైడు, ఒక పక్క ఆ అబ్బాయి, ముందు ఆ పిల్ల. ఒక్కో రాయి, ఒక్కో అడుగు. ఎండ ఉండగానే బేస్ క్యాంపు చేరాలని నా తాపత్రయం. సగం దారిలో ఒకసారి వాంతి చేసుకున్నారు. ఒకసారి నన్ను చూసి ఎవరని అడిగారు.

పొద్దు గుంకే వేళకు వాగు ఒడ్డుకు వచ్చాం. అక్కడ కాసేపు కూర్చోబెట్టాం. ఆయన నీళ్ళ వైపు చూస్తూ కూర్చుని, ఉన్నట్టుండి అడిగారు.

"సిస్టర్, మనం కిందుండామా?"

"కిందుండాం సార్."

"పిల్లోళ్ళు ఎక్కినారా?"

అబద్ధం చెబుదామని నోటిదాకా వచ్చింది. "లేదు సార్" అన్నాను. ఆయన తల దించుకున్నారు. ఏడుస్తున్నారని భుజాలు చూస్తే తెలిసింది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ కూర్చున్నారు. సార్ ఒక్కొక్కరినీ చూసి పేరు పెట్టి పిలిచారు, ఎనిమిది పేర్లూ సరిగ్గా చెప్పారు. నేను ఆ రోజుల్లో విన్న మంచి కబురు అదే. అక్కడ ఆగకుండా సామాను మోసే గుర్రం మీద ఇంకా కింది ఊరికి, అక్కడి నుంచి జీపులో ఆసుపత్రికి చేర్చాం. నాలుగు రోజులున్నారు. అక్కడి డాక్టరు నన్ను కూర్చోబెట్టి, "ఒక పూట ఆలస్యమైతే నా దగ్గరికి తెచ్చేవాళ్ళు కాదు" అన్నాడు.

రేణిగుంట స్టేషన్లో దండలు పట్టుకుని జనం వచ్చారు. శిఖరం ఎక్కలేదని తెలిసీ వచ్చారు. దండలు ఎవరికి వేయాలో తెలియక కొందరు చేతిలోనే పట్టుకుని నిలబడ్డారు. సార్ నేరుగా వడమాలపేట అమ్మాయి నాయన దగ్గరికి పోయి చేతులు పట్టుకున్నారు. "ఫోటో తేలేకపోయినానప్పా" అన్నారు. ఆ నాయన కూతురి తల మీద చెయ్యేసి, "ఫోటో ఎందుకు సార్, మనిషి వచ్చింది గదా" అన్నాడు.

ఆ తర్వాత రెండు నెలలు సార్ నాతో మాట్లాడలేదు. ఆదివారాలు మెట్ల దారిలోనూ కనిపించలేదు. నా మీద కోపమేమో అనుకున్నాను. పిల్లల ముందు ఆ గీత మీద నడిపించినందుకు ఆయన మనసు గాయపడి ఉంటుందని తెలుసు. ఆయన్ను డేరాలోకి తీసుకుపోయి ఒంటరిగా చూసి ఉండాల్సింది. ఆ కంగారులో అది తట్టలేదు.

శాఖవాళ్ళు ఇద్దర్నీ విడివిడిగా రిపోర్టు రాయమన్నారు, తర్వాత ఒకే రోజు పిలిపించారు. అధికారి ముందు రెండు కాగితాలున్నాయి. నేను రాసింది: జట్టు నాయకుడి ఆరోగ్యాన్ని ఒక్కరోజు కూడా పరీక్షించలేదు, తిండి మానేశారని తెలిసీ ఊరుకున్నాను, తప్పు నాది. సార్ రాసింది నాకు అక్కడే తెలిసింది: బేస్ క్యాంపు నుంచీ తలనొప్పి ఉంది, ఎవరికీ చెప్పలేదు, గైడు వద్దన్నా రెండోసారి బరువు మోశాను, నర్సు మేడం దించకపోతే చనిపోయేవాణ్ణి, పిల్లలు శిఖరం ఎక్కలేకపోవడానికి నేనే కారణం.

అధికారి కళ్ళద్దాలు తీసి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఎవురికి వాళ్ళు తప్పు నాదంటే నాదని రాసిస్తే, నేను మెమో ఎవురికియ్యాల?" అన్నాడు. ఎవరికీ ఇవ్వలేదు. మరుసటేడు వెళ్ళే జట్టుకు కొత్త నియమాలు మమ్మల్నే రాసివ్వమన్నాడు. పెద్దా చిన్నా లేకుండా కొండెక్కే ప్రతి మనిషినీ రెండు పూటలా చూడాలనేది మొదటిది. ఒక్క గైడుతో ఎవరినీ పంపకూడదనేది రెండోది. ఆ జట్టులో మా పిల్లలు ఐదుగురు మళ్ళీ పోయి ఎక్కి వచ్చారు. వడమాలపేట అమ్మాయి వాళ్ళలో ఒకతె.

ఆఫీసు బయట టీ తాగుతూ నిలబడ్డాం. సార్ నన్ను మొదటిసారి సిస్టర్ అనకుండా అక్కా అన్నారు.

"అక్కా, ఒక మాటడుగుతా. ఆ ఎత్తులో అందరికీ తలకాయ నొస్తాదని నువ్వే ఆ పాపతో అంటివంట. నీకు నొయ్యలేదా?"

టీ గ్లాసు పక్కన పెట్టేశాను.

"నొచ్చింది సార్. పై క్యాంపుకు వచ్చిన రోజంతా. మాత్ర మింగి ఊరుకున్నా."

"ఎవురికి జెప్పినావు?"

"ఎవురికీ జెప్పలేదు. ముసిల్దాన్ని ఎందుకు తెచ్చినామా అనుకుంటారని."

ఆయన నవ్వలేదు. ఇంకో టీ చెప్పి నా చేతికిచ్చారు.

ఆ తలనొప్పి సంగతి నేను రిపోర్టులో రాయలేదు. ఇన్నేళ్ళుగా పిల్లలకు కథ చెప్పినప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.